ముల్లు కదలని అరగంట

ముల్లు కదలకూడదు. అరగంట పాటు ఉన్నచోటే ఉండాలి, సున్నాకి కింద, ఆ సన్నటి నల్లగీత మీద, వెంట్రుకవాసి కూడా పైకి జరగకూడదు. మంచంలో పడుకున్న మాస్టరమ్మకి ఆడపడుచు అప్పగించిన పని అదొక్కటే. "నీ కళ్ళు నాకంటే మంచివి వదినా. నూలుపోగంత తేడా వచ్చినా పట్టేస్తావు. చూస్తూ ఉండు, కదిలితే కేకెయ్యి," అని చెప్పి, ఒత్తిడి కొలిచే గుండ్రటి గేజిని బాల్కనీ తలుపు గొళ్ళేనికి తగిలించి, తాను బయటికి పోయి, ఏసీ బయటి యూనిట్ పక్కన ఎండలోనే చతికిలబడింది. గేజి నుంచి నీలంరంగు గొట్టమొకటి తలుపు సందులోంచి ఆ యూనిట్ దాకా పాకింది. మూడు గంటలైంది. గదిలో ముప్ఫై మూడు డిగ్రీలు. మెడచుట్టూ తడి తువ్వాలు, పక్కన బల్ల మీద ఫ్యాను, దాని గాలి పొయ్యి ముందు నిలబడితే తగిలే గాలిలా ఉంది. కాళ్ళు మంచం మీదే ఉన్నాయి. ఉన్నాయని చూస్తేనే తెలుస్తోంది. అయినా చూడాల్సింది కాళ్ళ వంక కాదు, ముల్లు వంక. చూడు, కళ్ళార్పకు.

పంపు పెట్టి పైపుల్లో ఉన్న గాలినీ తేమనీ మొత్తం లాగేసిందట. ఇప్పుడు వాటి లోపల ఏమీ లేదు. ఎక్కడ సూదిబెజ్జమంత చిల్లున్నా బయటి గాలి లోపలికి దూరుతుంది, ముల్లు లేస్తుంది. లేవలేదా, అతుకులన్నీ గట్టివన్నమాట. ఎంత తేలిగ్గా చెప్పేసిందో పిల్ల! పిల్లేమిటి నా మొహం, దానికీ ముప్ఫై ఎనిమిది నిండాయి, చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు తెల్లబడ్డాయి, అయినా తను పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటికి పద్ధెనిమిదేళ్ళది కదా, ఇప్పటికీ పిల్లలాగే కనపడుతుంది. అసలు సంగతి అది కాదు. ఈ ఇంట్లో మూడేళ్ళుగా మాస్టరమ్మకి ఎవరైనా ఒక పని చెప్పారా? నువ్వు కదలకు, నువ్వు పడుకో, నేను తెస్తాను, నేను చూసుకుంటాను. మొగుడు బంగారమే, కాదనడానికి లేదు, బస్సు నడిపి నడిపి అలిసిపోయి వచ్చి కూడా గ్లాసుడు నీళ్ళు తానే తెచ్చి చేతికిస్తాడు. కానీ పని లేని చెయ్యి ఎంత బరువుగా ఉంటుందో ఆయనకేం తెలుసు. ఇదిగో, ఇవాళ ఈ పానా వచ్చి, ఇది చూడు వదినా అంది. ఆ మాటకే సగం ప్రాణం లేచొచ్చింది.

పానా అన్న పేరు పెట్టింది మాస్టరమ్మే. వెక్కిరింతకి పెట్టింది, ఒప్పుకోవాలి. ఇంటర్ పాసైన ఆడపిల్ల ఏసీ మెకానిక్ కోర్సులో చేరతానంటే ఇల్లంతా అదిరిపడింది. ఆ గొడవలో కొత్తకోడలు కూడా ఒక మాట విసిరింది. ఇంక మన ఇంటి పిల్లని పేరుతో పిలవక్కర్లేదు, పానా అని పిలుద్దాం, చేతిలో ఎప్పుడూ అదే ఉంటుంది కదా అని. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది, నవ్వి, పానాతోనే కుర్చీ కాలు బిగించి పోయింది. తనూ కత్తెర పట్టి బతుకుతున్న మనిషే, మగ టైలర్ల మధ్య కటింగ్ బల్ల దగ్గర నిలబడి, మాస్టరమ్మా మాస్టరమ్మా అనిపించుకోవడానికి ఆరేళ్ళు నలిగిన మనిషే, ఇంకో ఆడదాన్ని అలా ఎలా వెక్కిరించింది? ఏమో. పెళ్ళైన కొత్తలో నలుగురి నవ్వులో చోటు కావాలనిపిస్తుంది. సిగ్గేస్తోంది ఇప్పుడు. ముల్లు. ముల్లు అక్కడే ఉంది.

కటింగ్ బల్ల ఎత్తు నడుముకి రెండంగుళాలు పైన. పందొమ్మిదేళ్ళు దాని ముందు నిలబడింది. కోటు గుడ్డ పరిచి, సుద్దబిళ్ళతో గీత గీసి, కత్తెర వేశాక ఇంక వెనక్కి తీసుకోవడం ఉండదు, అందుకే నిలబడే కత్తిరించాలి, ఒంటి బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా పడితేనే చెయ్యి తిన్నగా పోతుంది. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఎడమ చెప్పు జారిపోయింది. జారిపోయినట్టు తెలియలేదు, తోటి టైలరు చూపించి నవ్వేదాకా. అలా మొదలైంది. ఆ తర్వాత ఆసుపత్రులు, స్కానింగులు, నరాల జబ్బని తేల్చారు. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పాడు, ఈ జబ్బులో ఒళ్ళు వేడెక్కితే తల నుంచి కాళ్ళకి కబురు సరిగ్గా నడవదమ్మా, చల్లబడితే మళ్ళీ నడుస్తుంది, అందుకని వేడి తగలనివ్వకండి, గది ఇరవై మూడుకి మించనివ్వకండి అని. కాబట్టి ఈ ఏసీ సోకుకి పెట్టించింది కాదు. చేతికర్ర లాంటిది. రెండేళ్ళు బాగానే మోసింది, గోడ పట్టుకుని, పట్టుకోకుండా, వంటగది దాకా, ఒక్కోసారి మేడ దిగి కింద కొట్టు దాకా. ఈ ఎండాకాలమే కొంప ముంచింది.

మొదట్లో మాటవరసకి అన్నట్టు అంది, గది వెచ్చగా ఉందండీ అని. ఆయన రిమోట్ చూపించాడు. "ఇరవై రెండు పెట్టాను చూడు, ఇంకా వెచ్చనేమిటి?" నిజమే, అంకె ఇరవై రెండే. నాలుగు రోజులు పోయాక మళ్ళీ అంది. ఆయన బాల్కనీలోకి వెళ్ళి చూసొచ్చి, "పైపు మీద ఐసు కూడా కడుతోంది, ఇంతకంటే చల్లగా ఏం కావాలి?" అన్నాడు. ఇరుగుపొరుగూ అదే అన్నారు, ఐసు కట్టే ఏసీ దొరకడం అదృష్టం అన్నారు. ఒంట్లోనే తేడా వచ్చిందేమోనని తనకే అనుమానం మొదలైంది. అన్నిటికంటే పెద్ద చిత్రహింస అదే, వేడి కాదు. నీకు వేస్తున్న ఉక్క నీ గదిలో లేదని నలుగురూ ప్రేమగా చెప్పడం. చివరికి ఆయన భార్య తృప్తి కోసం మెకానిక్కుని పిలిచాడు. మెకానిక్ మంచివాడే పాపం. గుమ్మం దగ్గర మంచంలో మనిషిని చూసి, "అయ్యో, అమ్మగారు పడుకున్నారు, ఇబ్బంది పెట్టడం ఎందుకు సార్," అని అటునుంచి అటే హాలు దారిన బాల్కనీలోకి పోయి, గ్యాసు తగ్గిందని చెప్పి, పోసి పోయాడు. మర్నాటికి గది మంచుకొండ. కాళ్ళు లేచొచ్చాయి. ఇరవై రోజులకి మళ్ళీ మామూలే. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ హాలు దారినే పోయాడు, మళ్ళీ పోశాడు. మూడుసార్లు. మూడోసారి కాళ్ళు పూర్తిగా పడిపోయేసరికి ఇంక ఏసీ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇది జబ్బు ముదరడమేనని డాక్టరు అన్నాడు. పెద్ద మందు మొదలుపెట్టాలన్నాడు, నరంలోకి ఎక్కించేది, ఎక్కిస్తే రక్తంలో బలం తగ్గుతుందట, చిన్న జ్వరమొచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాలట, గుండె మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచాలట. ఆ మందుకి ముహూర్తం ఇవాళ సాయంత్రం ఆరింటికి. ఆయన ఐదింటికి బస్సు దిగి, ట్యాక్సీ తెస్తాడు.

ముల్లు లేచింది!

"పానా! పానా! లేచింది!"

చెమటలు కక్కుతూ వచ్చింది పానా. గేజి అద్దాన్ని గోటితో టకటకా కొట్టి, ముక్కు ఆనించి చూసి, ఫ్యాను వంక చూసింది. "ముల్లు కాదు వదినా, గేజే ఊగింది, ఫ్యాను గాలికి. ఫ్యాను ఆపెయ్యనా? పది నిమిషాలు ఓర్చుకుంటావా?" ఓర్చుకుంటానంది. ఓర్చుకోక చేసేదేముంది. "ఎందుకలా బిక్కచచ్చిపోయావు? నువ్వు చూస్తున్నావనే నేను నిమ్మళంగా కూర్చున్నా," అని, తువ్వాలు తడిపి మళ్ళీ మెడకి చుట్టి, పోయింది. ఆ చేతులు చూడు. వేళ్ళ కణుపుల మీద రాగి రంగు మరకలు, బొటనవేలి మీద పాత కాలిన గుర్తు. తువ్వాలు చుట్టేటప్పుడు మాత్రం పసిబిడ్డకి చుట్టినట్టే చుట్టింది.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఎలా ఉన్నావు వదినా అని అడిగింది. అందరూ అడిగేదే. ఇరవై రోజులు బాగుంటుందే, తర్వాత దిగజారిపోతున్నా అని ఈమె చెప్పింది. అందరికీ చెప్పేదే. అందరూ అయ్యో అంటారు. ఇది మాత్రం అయ్యో అనలేదు. "ఏ రోజు నుంచి ఏ రోజుకి?" అంది. తేదీలు అడుగుతుందేమిటి ఈ మనిషి అనుకుంది మాస్టరమ్మ. అయితే తేదీలున్నాయి. అలవాటు ఊరుకోదు కదా, రోజూ ఎన్ని అడుగులు వెయ్యగలిగిందో మంచం పక్కనున్న బీరువా తలుపు లోపలి వైపు సుద్దబిళ్ళతో గీతలు పెట్టుకుంది. ఆ అంకెలు ఫోన్లో చదివింది. గ్యాసు పోసిన మర్నాడు నలభై ఐదు. తర్వాత నలభై మూడు, నలభై రెండు, నలభై, అలా రోజుకొకటో రెండో తగ్గుతూ ఇరవయ్యో రోజుకి పది. మళ్ళీ నలభై ఐదు, మళ్ళీ అదే దిగుడు. అటువైపు పానా ఆ అంకెలన్నీ కాగితం మీద రాసుకుంది. అప్పుడంది పానా, నెమ్మదిగా. "జబ్బు ఇలా లెక్కపెట్టుకుని దిగదు వదినా. ఇది గ్యాసు కారే లెక్క. మీటర్లు పెట్టి మేం పట్టాల్సింది నువ్వు కాళ్ళతో పట్టావు. నేను వస్తున్నా." అంతే. రావడానికి తొమ్మిది గంటల ప్రయాణం. వచ్చేముందు డాక్టరుకి తనే ఫోన్ చేసి మాట్లాడిందట, ఎలా ఒప్పించిందో ఆ పైవాడికే తెలియాలి. గది సరిగ్గా చల్లబడ్డాక కాళ్ళు లేస్తే పెద్ద మందు ఆపి చూద్దాం, లేవకపోతే ఇవాళే మొదలెట్టాలి, ఇంక ఆలస్యం చెయ్యనన్నాడట.

పొద్దున తొమ్మిదింటికి దిగిన మనిషి హాలు దారి వంక తిరిగి కూడా చూడలేదు. సంచీతో సహా తిన్నగా ఈ గదిలోకి వచ్చేసింది. "వదినా, మంచం గట్టిగా పట్టుకో, లాగుతున్నా," అని మనిషితో సహా మంచాన్ని బరబరా ఈడ్చింది. మూడేళ్ళలో మొదటిసారి మాస్టరమ్మకి నవ్వొచ్చింది, పడవలో కూర్చున్నట్టనిపించి. ఐసు గురించి చెప్తే, "ఐసు కడితే సంబరపడతారేమిటి మీరు! గ్యాసు చాలక కట్టే ఐసు అది," అని తిట్టింది. రిమోట్ చూపిస్తే, "ఇది మనం అడిగిన అంకె. గది ఇచ్చిన అంకె వేరే," అని, జేబులోంచి చిన్న థర్మామీటరు తీసి దిండు పక్కన పెట్టింది. ఇరవై తొమ్మిది! చూశావా, ఇరవై తొమ్మిది! పిచ్చిదాన్ని కాదు. నాకు ఉక్కగా ఉందంటే ఉక్కగానే ఉంది. ఆ ఒక్క అంకె కోసం ఆ మనిషి కాళ్ళకి దండం పెట్టాలనిపించింది, వయసులో చిన్నదైపోయింది కానీ.

తర్వాత యంత్రం కట్టేసి, మిగిలిన గ్యాసు ఖాళీ సిలిండర్లోకి పట్టి, పైపుల్లో వేరే గాలి ఒత్తిడిగా ఎక్కించి, స్టూలెక్కి, గోడ మీది యూనిట్ వెనక నల్లటి స్పాంజి తొడుగు కోసి, లోపలి అతుకుల మీద కుంచెతో సబ్బునురుగు పూసింది. ఒక చుక్క మాస్టరమ్మ నుదుటి మీద పడింది. తల పైకెత్తి చూస్తే, పెద్ద నట్టు చుట్టూ నురుగులో బుడగ ఒకటి పుట్టింది. పెరిగింది. చితికింది. ఇంకోటి పుట్టింది. "అదిగో," అంది మాస్టరమ్మ. "అదిగో," అంది పానా కూడా, ఇద్దరికీ ఒకేసారి నోరొచ్చింది. మూడు నెలలుగా సరిగ్గా తన తల మీద, బారెడు ఎత్తున. ఆ మెకానిక్ ఒక్కసారి ఈ గదిలోకి వచ్చి ఉంటే! పానా అతన్ని పల్లెత్తు మాట అనలేదు. "జాలిపడ్డాడు వదినా. మా పనిలో జాలిపడితే ఎలా? ముందు మనుషుల్ని లేపాలి," అంది. నట్టు విప్పితే, పైపు చివర గరాటులా విచ్చి ఉన్న చోట తలవెంట్రుకంత చీలిక. దాన్ని కోసి పారేసింది. ఆ కోత చూడాలి! చిన్న చక్రం లాంటి కత్తిని పైపు చుట్టూ తిప్పుతూ, తిప్పినప్పుడల్లా కొంచెం బిగిస్తూ, తొందరపడకుండా. కోశాక పైపు మూతి కిందకి వంచి లోపలి గరుకు గీకింది, రాగిపొడి లోపల పడకూడదట. కొత్తగా మూతి విచ్చేలా నొక్కి, వెలుగు వైపు పట్టి, ఒక కన్ను మూసి చూసి, నచ్చలేదని మళ్ళీ కోసి మళ్ళీ చేసింది. నచ్చలేదు! ఎవరడిగారు? ఎవరికి తెలుస్తుంది? మాస్టరమ్మకి తెలుసు. కోటు లోపలి కుట్టు ఎవరూ చూడరని తెలిసి కూడా విప్పి మళ్ళీ కుట్టించే రకం తనూ. ఇరవై ఏళ్ళు ఒకే ఇంటి పేరు మోస్తూ ఈ మనిషి తన జాతి మనిషని ఇవాళ తెలిసింది.

ముల్లు కదల్లేదు. ఫ్యాను లేదు, చెమట కళ్ళలోకి కారుతోంది, మంట, తుడుచుకుంటే ఆ క్షణంలో కదులుతుందేమో. ఇంకా ఎన్ని నిమిషాలు? నిజం చెప్పు, కదలకూడదనే ఉందా నీకు? లోపలెక్కడో ఒక పిరికిది కూర్చుని, కదిలితే బాగుండు అనడం లేదూ? కదిలితే ఇంకో చిల్లుంది, తప్పు ఇంకా ఏసీదే, కాళ్ళవి కాదు. కదలకపోతే యంత్రం బాగుపడ్డట్టే. ఆ తర్వాత గది చల్లబడుతుంది. చల్లబడ్డాక కూడా కాళ్ళు లేవకపోతే? అప్పుడు నింద వెయ్యడానికి ఏ పైపూ ఉండదు. చిల్లు తనలోనే ఉన్నట్టు. అమ్మో. ఈ ముల్లు ఇంకో గంట ఇలాగే ఉండిపోతే, ఏదీ తేలకుండా ఉంటే, ఎంత హాయి. ఛ, సిగ్గులేని ఆలోచన. ఆ పిల్ల నీ కోసం ఎండలో మాడుతుంటే. అన్నట్టు అది లోపలికొచ్చి కూర్చోవచ్చు కదా, హాల్లో నీడ ఉందిగా, ఎండలో ఎందుకు?

"అరగంటైంది. కదిలిందా?"

"లేదు," అంది మాస్టరమ్మ.

గ్యాసు అందాజుగా పొయ్యలేదు. సిలిండరుని కాటా మీద నిలబెట్టి, యూనిట్ మీద పట్టీలో రాసిన బరువు చదివి, దానికి సరిపడా గ్రాములు దిగేదాకా కూర్చుని పోసింది. స్విచ్చి వేసింది. దిండు మీద గాలి పడింది, ముందు వెచ్చగా, తర్వాత మామూలుగా, తర్వాత, అబ్బ. థర్మామీటరు ముప్ఫై రెండు. ముప్ఫై. "ఇరవై మూడు పెట్టాను. దానంతటది చూసుకుంటుంది. నువ్వు తొందరపడి లేవకు," అని చెప్పి పానా మళ్ళీ బాల్కనీలోకే పోయి తలుపేసుకుంది. గేజి తీసేసింది, చూడ్డానికి ఇంకేమీ లేదు. ఇరవై ఎనిమిది. కళ్ళు మూసుకుంది. మెడ మీది తడి చల్లగా తగులుతోంది, నిజంగా చల్లగా. యంత్రం మోత బాల్కనీలోంచి ఏకధాటిగా వస్తోంది, వారాల తరబడి రాత్రీ పగలూ ఇదే మోత, ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా, దీన్ని వింటూనే నిద్రపోయింది, వింటూనే ఏడ్చింది. ఇరవై ఆరు. కటింగ్ బల్ల మీద పరిచిన నీలం గుడ్డ. ఇరవై ఐదు. డాక్టరు గదిలో వేలాడే సెలైన్ సీసాలు. వద్దు, అవి వద్దు, నీలం గుడ్డే. కునుకు పట్టిందేమో తెలియదు.

మోత ఆగిపోయింది.

పోయింది, పాడైపోయింది, ఇంత చేసినా పాడైపోయింది! "పానా!" అని అరవబోయి, దిండు పక్కకి చూసింది. ఇరవై మూడు. చూస్తూ ఉండిపోయింది. పాడవలేదు. అడిగిన చోటికి చేరి ఆగింది. మూడు నెలలుగా చేరలేక ఆగకుండా తిరిగిన యంత్రం చేరి, ఇక చాలని ఆగింది. గదిలో ఎంత నిశ్శబ్దం! కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు. గోడగడియారం నాలుగూ నలభై. ఈ నిశ్శబ్దం చేసింది ఆ మనిషి, ఆ రెండు చేతులతో. ఎవరికి చెప్పాలి ఈ మాట? దానికే చెప్పాలి.

"పానా, ఆగిందే! ఇరవై మూడు!"

తలుపు అద్దంలోంచి వీపు కనపడుతోంది, గోడకి ఆనుకుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని. మోత ఆగడం వినపడే ఉంటుంది, ఎవరికి వినపడకపోయినా దానికి వినపడుతుంది. అయినా లేవలేదు. ఇటు తిరగలేదు. అప్పుడు అర్థమైంది మాస్టరమ్మకి. నీడ వదిలి ఎండలో ఎందుకు కూర్చుందో కూడా అర్థమైంది. భయం. దీని భయం తన భయం కంటే పెద్దది. తొమ్మిది గంటలు ప్రయాణం చేసి వచ్చి, డాక్టరుతో వాదించి, ఇది కాళ్ళ తప్పు కాదు వదినా అని మాటిచ్చేసింది. ఆ మాట తప్పైతే? వచ్చి ఎలా చూడగలదు, వదిన లేవలేక మంచం పట్టుకుని ఊగడం? పైపులూ నట్లూ చూడగలదు. అది చూడలేదు. పిచ్చి పిల్లా, ఇంత పని చేసి, ఆఖరిది చూసే ధైర్యం లేక వీపు తిప్పుకున్నావా.

అలా కూర్చోనివ్వకూడదు. అంతే అనుకుంది, కాళ్ళ సంగతి అనుకోలేదు. దుప్పటి తీసింది. నేల చల్లగా తగిలింది. చల్లగా తగిలింది! కుడి పాదానికి మొత్తం, ఎడమ పాదానికి మడమ వరకే, కానీ తగిలింది. మంచం కోడు పట్టుకుని లేచింది. మోకాళ్ళు వణికాయి, ఆగాయి. కోడు వదిలింది. ఎడమకాలు ఈడుస్తోంది, అది ఎప్పుడూ కొంచెం ఈడుస్తుంది, అది జబ్బు వాటా, దాన్ని ఉంచుకో, మిగతాది మాత్రం నాది. బల్ల. కుర్చీ వీపు. తలుపు గొళ్ళెం. తలుపు లాగితే ఎండ ముఖాన కొట్టింది.

చప్పుడుకి పానా తల తిప్పింది. ముందు పాదాలు చూసింది. కింది నుంచి పైకి చూసింది, నమ్మకుండా, మళ్ళీ పాదాల దగ్గరికే వచ్చింది. పొద్దుటి నుంచి రాయిలా ఉన్న ముఖం ఒక్కసారిగా చిన్నపిల్ల ముఖంలా ముడుచుకుపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ ఏడుపు ఆగలేదు.

"ఎవరు లేవమన్నారు నిన్ను?" అంది ఎక్కిళ్ళ మధ్య, కోపంగా. "తలుపెయ్యి వదినా, చల్లగాలంతా పోతోంది!"

"నువ్వు లోపలికి రా, వేస్తాను," అంది మాస్టరమ్మ, రెండు కాళ్ళ మీదా నిలబడి.